చీటీ, సరుకు: నోడ్ ‘రిక్వైర్’కు రకాలు తగిలించిన చరిత్ర

నోడ్ జేఎస్‌లో ‘రిక్వైర్’ అనే ఫంక్షన్ ఒకటి ఉంది. దానికి ఒక పేరు అందిస్తే, ఆ పేరుగల మాడ్యూల్ ఎక్కడుందో వెతికి, చదివి, నడిపి, వచ్చిన ఫలితాన్ని తెచ్చి మన చేతిలో పెడుతుంది. టైప్‌స్క్రిప్ట్‌లో రాసేవారికోసం నోడ్ సామగ్రి మొత్తానికి రకాలు ప్రకటించే ఫైళ్ళలో ఈ ఫంక్షన్‌ను పిలిచే తీరు గురించి ఉన్నది ఒక్క పంక్తి: స్ట్రింగ్ తీసుకుంటుంది, ‘ఎనీ’ తిరిగి ఇస్తుంది. ఎనీ అంటే ఏదైనా కావచ్చునని పైకి కనిపించే అర్థం. ఆచరణలో దాని అర్థం వేరు. ఇక్కడినుంచి నన్నేమీ అడగవద్దని కంపైలర్‌కు దణ్ణం పెట్టడం అది. ప్రతి విలువకూ రకం ఉండాలన్న పట్టుదలతో పుట్టిన భాషలో, ప్రతి ప్రోగ్రామూ దాటవలసిన గుమ్మం దగ్గరే ఈ మినహాయింపు ఎందుకు మిగిలిపోయిందన్నది ఈ వ్యాసవిషయం.

నేను వైద్యుణ్ణి. తెలుగు మాధ్యమంలో చదువుకొని, వైద్యవృత్తిలో స్థిరపడి, ఇప్పుడు మస్కట్‌లో ఉంటున్నాను. ప్రోగ్రామింగ్ నాకు జీవనాధారం కాదు, వ్యసనం. ఈ పత్రిక పాఠకులలో ఇదే పనిగా బతికేవారు చాలామంది ఉంటారని తెలుసు. అయితే రోజూ వాడే పనిముట్టు చరిత్ర వాడేవారికి అక్కరలేదు కాబట్టి, బయటివాడు చెప్పినా తప్పులేదనుకుంటాను. పైగా ఈ చరిత్ర వైద్యుడికి కొత్తగా అనిపించదు. సీసా మీద అతికించిన చీటీకీ సీసాలోని మందుకూ ఉన్న సంబంధం గురించి మా వృత్తి చాలాకాలంగా ఆలోచిస్తూనే ఉంది.

1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేసిన భాషలో మాడ్యూళ్ళు లేవు. వెబ్ పేజీలో బొత్తాన్ని నొక్కితే ఏదో జరగాలన్న చిన్న అవసరానికి పుట్టిన భాష అది. ఒక పేజీలోకి పది స్క్రిప్టులు తెస్తే పదీ ఒకే ఆవరణలో కాపురముండేవి. ఒకరి పేరు మరొకరు వాడుకుంటే రెండోవారిదే చెల్లుబాటు. కొద్దికాలానికే నెట్‌స్కేప్ ఇదే భాషను సర్వర్ మీద కూడా నడిపింది కానీ ఆ ప్రయత్నం నిలబడలేదు.

2009 జనవరి చివరలో కెవిన్ డాంగూర్ అనే ప్రోగ్రామర్ సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌కు ఏమేమి కావాలో వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. సమస్య సాంకేతికమైనది కాదనీ, అందరూ కూర్చొని ఒక ఒప్పందానికి రావడమే కావలసిందనీ దాని సారాంశం. అలా ఏర్పడిన సర్వర్‌జేఎస్ బృందం అదే సంవత్సరం ఆగస్టులో కామన్‌జేఎస్ అని పేరు మార్చుకుంది. వారు కుదుర్చుకున్న ఒప్పందం చాలా చిన్నది. ప్రతి ఫైలూ ఒక మాడ్యూల్. అది బయటికి ఇవ్వదలచినవాటిని ‘ఎక్స్‌పోర్ట్స్’ అనే వస్తువుకు తగిలిస్తుంది. కావలసినవారు ‘రిక్వైర్’ అని అడిగి తెచ్చుకుంటారు. రిక్వైర్ అన్న మాట అంతకుముందే పెర్ల్, రూబీ భాషల్లో వాడుకలో ఉన్నదే.

అదే 2009 మే నెలలో రయన్ డాల్ నోడ్‌ను విడుదల చేశాడు. నవంబరులో బెర్లిన్ సమావేశంలో దాన్ని ప్రదర్శించాడు. మాడ్యూళ్ళకు అతను కామన్‌జేఎస్ ఒప్పందాన్నే వాడుకున్నాడు. అమలు చేసిన తీరు, చూస్తే, నవ్వు వచ్చేటంత సులభంగా ఉంటుంది. ఫైలులోని పాఠాన్ని తీసుకొని, దాని ముందొక ముక్క, వెనకొక ముక్క అతికించి, ఐదు పరామితులున్న ఒక ఫంక్షన్‌గా మారుస్తారు: ఎక్స్‌పోర్ట్స్, రిక్వైర్, మాడ్యూల్, ఫైలు పేరు, సంచయం పేరు. ఆ ఫంక్షన్‌ను పిలుస్తారు. అది ఎక్స్‌పోర్ట్స్‌కు ఏం తగిలిస్తే అదే ఆ మాడ్యూల్. ఒకసారి తెచ్చినదాన్ని దాచిపెట్టుకొని, మళ్ళీ అడిగితే అదే ఇస్తారు. భాషలో ఒక్క అక్షరం మార్చకుండా, ఫంక్షన్లతోనే మాడ్యూళ్ళను నిర్మించారన్నమాట. 2010 జనవరికల్లా ఐజక్ ష్లూటర్ ఎన్‌పీఎమ్‌ను మొదలుపెట్టడంతో లోకంలో ఎవరు రాసిన మాడ్యూలైనా ఇంకెవరైనా ఒక్క ఆజ్ఞతో తెచ్చుకోగలిగారు.

ఈ సులువులోనే చిక్కు ఉంది. రిక్వైర్ ఒక మామూలు ఫంక్షన్. దానికిచ్చే పేరు మామూలు స్ట్రింగ్. ఆ స్ట్రింగ్‌ను ప్రోగ్రామ్ నడుస్తుండగా కూర్చవచ్చు, వినియోగదారుడి అభిరుచినిబట్టి మార్చవచ్చు, నెట్‌వర్క్ నుంచి తెచ్చుకోవచ్చు కూడా. ఫలితం రకం ఆ స్ట్రింగ్ విలువ మీద ఆధారపడి ఉంటుంది. ఆ విలువ నడిచేదాకా తెలియదు. నడవకముందే రకాలు తేల్చాలనుకునే కంపైలర్ ఇక్కడ చేయగలిగినదేమీ లేదు.

ఇది కొత్త చిక్కు కాదు. 1978 నాటి సీ భాషలో ఒక ఫంక్షన్ ఏమి తిరిగి ఇస్తుందో ప్రకటించేవారు కానీ అది ఏమి తీసుకుంటుందో చెప్పే వీలు లేదు. పూర్ణాంకం ఇవ్వవలసినచోట దశాంశం ఇచ్చినా కంపైలర్ మారు పలికేది కాదు. అందుకే బెల్ లాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ ‘లింట్’ అని వేరే సాధనం రాయవలసివచ్చింది. తరువాత 1989 నాటి ప్రమాణం పరామితుల రకాలను కూడా ప్రకటనలోకి తెచ్చింది. కానీ ప్రకటన ఒక ఫైలులో, అసలు ఫంక్షన్ మరో ఫైలులో ఉండి, ఆ రెండూ వేరువేరుగా కంపైల్ అయితే, రెండూ ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో చూసే నాథుడు లేడు. సీ++లో స్ట్రౌస్‌ట్రప్ 1988 ప్రాంతంలో దీనికొక మోటు ఉపాయం ఆలోచించాడు. ఫంక్షన్ పేరులోనే దాని పరామితుల రకాలను సంకేతాలుగా కలిపేస్తే, రకాలు కుదరనప్పుడు పేర్లే కలవవు, జోడించే సాధనం ఆ పేరు దొరకలేదని ఆగిపోతుంది. అందంగా ఉండదు కానీ పనిచేస్తుంది. మరోవైపు విర్త్ రూపొందించిన మాడ్యులా-2లో నిర్వచన మాడ్యూలూ అమలు మాడ్యూలూ వేరువేరుగా రాసినా ఒకే కంపైలర్ రెండిటినీ చూసి, పొంతన కుదిరాకే ముందుకు వెళ్ళేది. నా దృష్టిలో ఇదే కీలకం. చీటీనీ సరుకునూ ఒకే కన్ను చూడాలి.

2012 అక్టోబరు 1న మైక్రోసాఫ్ట్ టైప్‌స్క్రిప్ట్‌ను ప్రకటించింది. దాని రూపకర్త ఆండర్స్ హేల్స్‌బర్గ్, అంతకుముందు టర్బో పాస్కల్, డెల్ఫీ, సీ షార్ప్ చేసినవాడు. రకాలున్న భాషల్లో ఆరితేరిన ఈ మనిషికి ఒక విషయం స్పష్టంగా తెలుసు: లోకంలో అప్పటికే గుట్టలుగా పడివున్న జావాస్క్రిప్ట్‌ను ఎవరూ తిరగరాయరు. అందుకని సీ భాష హెడర్ ఫైళ్ళ పద్ధతినే మళ్ళీ తెచ్చారు. రకాలు లేని జావాస్క్రిప్ట్ ఫైలు పక్కన, కేవలం ప్రకటనలు మాత్రమే ఉండే డి.టీఎస్ ఫైలు ఒకటి పెట్టవచ్చు. కంపైలర్ ఆ ప్రకటనలను నమ్ముతుంది. అసలు ఫైలు మొహం చూడదు.

రిక్వైర్ విషయంలో వారు చేసినది తెలివైన పని. ఫంక్షన్‌కు రకం చెప్పలేనప్పుడు, దాన్ని ఫంక్షన్‌గా కాక ఒక వాక్యనిర్మాణంగా చూస్తే సరి. మొదటి విడుదలలో ఇంపోర్ట్ అని రాసి, ఒక పేరు పెట్టి, ‘మాడ్యూల్’ అన్న మాటతో అడిగేవారు. 2013లో 0.9 విడుదలకు ఆ మాట స్థానంలో రిక్వైర్ వచ్చింది. చూడటానికి అది నోడ్ రిక్వైరే. కానీ ఈ రూపంలో లోపల ఉండేది ఉటంకింపుల మధ్య రాసిన అక్షరాలే అయివుండాలి, లెక్కించి తెచ్చిన స్ట్రింగ్ కాకూడదు. పేరు ముందే తెలుసు కాబట్టి దాని ప్రకటన వెతికి పట్టుకోవచ్చు. ఇంపోర్ట్ అనే మాట లేకుండా మామూలు ఫంక్షన్‌గా పిలిస్తే మాత్రం మళ్ళీ ఎనీయే.

ఇదే సమయానికి మరో మార్గాన నడిచిన భాష హాక్స్. ఫ్రాన్స్‌కు చెందిన నికోలా కనాస్ 2005లో మొదలుపెట్టిన ఈ భాష అనేక వేదికలకు అనువదించబడుతుంది, జావాస్క్రిప్ట్ వాటిలో ఒకటి. హాక్స్‌లో బయటి వస్తువులను ‘ఎక్స్‌టర్న్’ తరగతులుగా ప్రకటిస్తారు. ఆ తరగతి నెత్తిన ‘జేఎస్‌రిక్వైర్’ అనే గుర్తు పెట్టి మాడ్యూల్ పేరు రాస్తే, రిక్వైర్ పిలుపును కంపైలరే పుట్టిస్తుంది. అంటే స్ట్రింగ్ ప్రోగ్రాములోంచి లేచి ప్రకటనలోకి పోయి కూర్చుంది. ప్రోగ్రామర్ రిక్వైర్ అన్న మాటే ఎత్తనక్కరలేదు. అయినా హాక్స్ నోడ్ గ్రంథాలయంలో నేరుగా పిలవదగిన రిక్వైర్ కూడా ఒకటి ఉంచారు. దాని ఫలితం రకం ‘డైనమిక్’. పేరు మారినా ఎనీకి అది సొంత తమ్ముడే.

ప్రకటనలకు చోటు దొరికింది సరే, వాటిని రాసేదెవరు? టైప్‌స్క్రిప్ట్ వెలువడిన నెలలోనే బోరిస్ యాంకోవ్ ‘డెఫినిట్‌లీ టైప్డ్’ అనే ఉమ్మడి భాండాగారాన్ని తెరిచాడు. ఎవరైనా ఏ జావాస్క్రిప్ట్ గ్రంథాలయానికైనా రకప్రకటనలు రాసి అందులో పెట్టవచ్చు. ఆ గ్రంథాలయం రాసినవారి అనుమతీ అవసరం లేదు, వారికి తెలియవలసిన అవసరమూ లేదు. తొలినాళ్ళలో ఈ ఫైళ్ళను తెచ్చుకోవడానికి టీఎస్‌డీ, టైపింగ్స్ వంటి వేరే సాధనాలు వాడేవారు. 2016 సెప్టెంబరులో టైప్‌స్క్రిప్ట్ 2.0 వచ్చాక ఇవన్నీ ఎన్‌పీఎమ్‌లోనే ‘టైప్స్’ అనే ఇంటిపేరుతో దొరకసాగాయి. అందరూ గమనించని విషయం ఒకటుంది. నోడ్‌ రకప్రకటనలు కూడా నోడ్ ప్రాజెక్టు రాసినవి కావు. అవీ ఈ భాండాగారంలో స్వచ్ఛంద కార్యకర్తలు నిలబెడుతున్నవే. మూడోమనిషి అతికించిన చీటీ చూసి లోకమంతా సరుకు కొంటున్నది.

ఒమాన్‌లో ఉంటూ ఈ సంగతి తలచుకుంటే పాత కథ ఒకటి గుర్తుకు రాకమానదు. మెసొపొటేమియా పలకల మీద మగన్ అని కనిపించే రాగిదేశం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడి తూర్పుకొసన రాస్ అల్ జిన్జ్‌లో సింధు లిపి గీతలున్న కుండపెంకు దొరికింది. ఉర్ నగరంలో క్రీ.పూ. 1750 ప్రాంతంలో ఇయా నాసిర్ అనే వర్తకుడి మీద నన్ని అనే కొనుగోలుదారు రాయించిన ఫిర్యాదు పలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మంచి రాగిదిమ్మెలిస్తానని చెప్పి నాసిరకం ముందు పెట్టాడన్నది అభియోగం. (ఆ వర్తకుడి పేరులోనే మనకు ‘నాసి’ వినిపించడం కేవలం కాకతాళీయం.) నాటికి ఆ వ్యాపారం దిల్మున్, అంటే నేటి బహ్రెయిన్, మీదుగా నడిచేది. తవ్వినవాడు ఒకడు, చేరవేసినవాడు ఒకడు, రకం చెప్పినవాడు ఇంకొకడు.

ఈ చర్చ నాకు పుస్తకవిషయంగా మిగలకపోవడానికి కారణముంది. గల్ఫ్ ప్రాంతంలో నేను ఎరిగిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, వార్డుల్లోని చక్కెర పరీక్ష పరికరాల ఫలితాలను ఒకేచోట చూపించే తెరను తయారుచేయించారు. పరికరంతో మాట్లాడే మాడ్యూల్ రకాలు లేని జావాస్క్రిప్ట్‌లో వచ్చింది. దాన్ని రిక్వైర్‌తో తెచ్చుకొని, పరికరం కరదీపిక చదివి, డి.టీఎస్ ఫైలు చేతితో రాసుకున్నారు. చక్కెర విలువ చదివే ఫంక్షన్ ఫలితం ‘నంబర్’ అని అందులో ఉంది. విలువ 25 దాటితే గడి ఎర్రగా మారాలి. ఇక్కడి కొలమానం లీటరుకు మిల్లీమోల్స్‌లో కాబట్టి, మన లెక్కలో అది 450 మిల్లీగ్రాములు.

చేతిలో పట్టుకునే పరికరాలు సాధారణంగా 33.3 దాకా, అంటే 600 మిల్లీగ్రాముల దాకా, కొలవగలవు. ఆపై అంకె చెప్పలేవు. ఆ మాడ్యూల్ అటువంటప్పుడు “>33.3” అన్న స్ట్రింగ్ పంపేది. జావాస్క్రిప్ట్ ఆ స్ట్రింగ్‌ను 25తో పోల్చడానికి ముందు అంకెగా మార్చబోతుంది, మారదు, ‘అంకె కానిది’ అన్న ప్రత్యేక విలువ వస్తుంది. దానితో ఏ పోలిక చేసినా జవాబు ‘కాదు’ అనే. దోషం చూపదు, ప్రోగ్రామ్ ఆగదు. చక్కెర 26 ఉన్నవాడి గడి ఎర్రబడుతుంది. కొలతకందనంత చక్కెరతో స్పృహ తప్పబోతున్నవాడి గడి తెల్లగా ఉంటుంది. ఆ రాత్రి నర్సు అంకెను కళ్ళతో చదివి డాక్టరుకు ఫోను చేసింది కాబట్టి రోగికి ఇన్సులిన్, సెలైన్ వేళకు అందాయి.

మర్నాడు ఆ ప్రోగ్రామ్ రాసిన మన తెలుగు ఇంజనీరును అడిగితే, “కంపైలర్ ఒక్క తప్పు కూడా చూపించలేదండీ డాక్టరు గారూ” అన్నాడు. నిజమే చెప్పాడు. అతన్ని తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు. కరదీపికలో ఉన్నదే అతను రాశాడు. కంపైలర్ అతను రాసినదాన్నే నమ్మింది.

మా వృత్తిలో ఇటువంటి చోట ఏం చేస్తాం? లాండ్‌స్టైనర్ 1901లో రక్తవర్గాలను కనిపెట్టాక, ఇక చీటీ చూసి రక్తమెక్కించవచ్చునని వైద్యులు ఊరుకోలేదు. 1907లో న్యూయార్క్‌లో రూబెన్ ఆటెన్‌బర్గ్ దాత రక్తాన్నీ రోగి రక్తాన్నీ ముందుగా కలిపి చూడటం మొదలుపెట్టాడు. ఈనాడు రక్తపు సంచి మీద అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం బార్‌కోడ్ ఉంటుంది, వర్గం పెద్ద అక్షరాలతో ఉంటుంది. అయినా సరిపోల్చే పరీక్ష లేకుండా, ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరంలో తప్ప, ఎక్కించం. చీటీ అక్కరలేదని కాదు. చీటీ ఏ సంచిని పరీక్షించాలో చెబుతుంది. పరీక్ష ఆ సంచిలో ఏముందో చెబుతుంది. రెండు పనులూ వేరు.

టైప్‌స్క్రిప్ట్ లోకం కూడా ఈ దారికి వచ్చింది, నెమ్మదిగా. 2018 జూలైలో 3.0 విడుదలతో ‘అన్‌నోన్’ అనే రకం చేరింది. ఎనీలాగే ఇందులోనూ ఏదైనా ఇముడుతుంది, కానీ పరీక్షించనిదే వాడుకోనివ్వదు. ఎనీ అంటే అడగవద్దని, అన్‌నోన్ అంటే అడగకుండా తాకవద్దని. రిక్వైర్ ఫలితం మొదటినుంచీ అన్‌నోన్ అయివుండవలసిందని నా అభిప్రాయం. అప్పటికి ఆరేళ్ళ పాత కోడు ఎనీ మీద ఆధారపడివుంది కనుక మార్చడం సాధ్యం కాలేదు. వైద్యంలో కూడా పాత మోతాదుల పట్టికలు ఇలాగే బతుకుతాయి. నడుస్తున్నప్పుడు విలువలను పరీక్షించే జోడ్ వంటి గ్రంథాలయాలు 2020 తరువాత బాగా వాడుకలోకి వచ్చాయి. అవి చేసేది అచ్చంగా సరిపోల్చే పరీక్షే.

పరీక్షించడం ఒక ఎత్తు, చీటీనే మెరుగ్గా రాయడం ఇంకొక ఎత్తు. ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహమ్ గ్రీవ్ 2011లో ప్రతిపాదించిన ‘ఫైర్’ అనే ఆరోగ్య సమాచార ప్రమాణంలో కొలతకు ‘క్వాంటిటీ’ అనే నిర్మాణముంది. అందులో అంకెకొక గది, ప్రమాణానికొక గది, వీటితోపాటు ‘కంపారేటర్’ అని మరో గది. ‘కంటె ఎక్కువ’, ‘కంటె తక్కువ’ అన్న గుర్తులు అందులోకి వెళతాయి. 33.3 దాటిన చక్కెర ఎక్కడ రాయాలో ఆ ప్రమాణం రాసినవారు ముందే ఆలోచించారు. డెఫినిట్‌లీ టైప్డ్‌లో దీనికి టైప్‌స్క్రిప్ట్ ప్రకటనలు కూడా ఉన్నాయి. అయితే అక్కడ కూడా ప్రమాణం పేరు ఉత్త స్ట్రింగే. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ మధ్య వెయ్యిరెట్ల తేడా కంపైలర్ కంటికి ఆనదు.

ఒమాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ తన ఆసుపత్రులకోసం ‘అల్ షిఫా’ అనే సమాచార వ్యవస్థను తానే తయారు చేయించుకున్నది. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకే కప్పు కింద ఉన్నచోట చీటీ తప్పయితే పిలిచి అడగవచ్చు. మాడ్యులా-2 కంపైలర్ సౌకర్యం అది. పది సంస్థల సరుకును గుదిగుచ్చి నడిపేవారికి ఆ వీలు లేదు, నోడ్ లోకమంతా ఈ రెండో తరహాదే.

ఇక రిక్వైర్ మిగతా కథ త్వరగా చెప్పవచ్చు. 2015 జూన్‌లో జావాస్క్రిప్ట్‌కే సొంత మాడ్యూళ్ళు వచ్చాయి. ఇంపోర్ట్ వాక్యంలో పేరు అక్షరాలా రాసివుండాలనీ, అది ఫైలు పైస్థాయిలోనే ఉండాలనీ నియమం. టైప్‌స్క్రిప్ట్ 2012లో పట్టుకున్న కిటుకే భాషకు చట్టమైంది. కానీ నోడ్‌లో పాత, కొత్త పద్ధతులు కలిసి కాపురం చేయడానికి ఏళ్ళు పట్టింది. 2020 మే నెలలో 12.17 వెలువడేదాకా, ఆ దీర్ఘకాలిక విడుదల వాడేవారికి కొత్త మాడ్యూళ్ళు ప్రత్యేక అనుమతితో తప్ప నడిచేవి కావు. ఈలోగా బెర్లిన్ వేదిక మీదనే 2018లో రయన్ డాల్ నోడ్ విషయంలో తాను విచారించే పది సంగతులు చెప్పాడు. రిక్వైర్ ఫైలు పేరు చివర తోకను వదిలేయనివ్వడం వాటిలో ఒకటి.

ఈ సహజీవనం రకప్రకటనలకు కొత్త జబ్బు తెచ్చింది. మాడ్యూల్ పాత పద్ధతిది, దాని ప్రకటన కొత్త పద్ధతిది అని చెప్పుకుంటుంది, లేదా తలకిందులుగా. 2022 మే నెలలో టైప్‌స్క్రిప్ట్ 4.7 నోడ్ వెతికే తీరునే అనుకరించడం నేర్చుకున్నాక ఇటువంటి వేషధారులు బయటపడసాగారు. టైప్‌స్క్రిప్ట్ బృందంలోని ఆండ్రూ బ్రాంచ్ వీటిని పట్టడానికే ఒక సాధనం తయారుచేశాడు. రకాలు తప్పా అన్న ప్రశ్నే దాని పేరు. ప్రకటననూ అసలు ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. పూర్తిగా కాకపోయినా, చీటీనీ సరుకునూ ఒకే కన్ను చూడటం మళ్ళీ మొదలయింది.

2024 డిసెంబరులో నోడ్ 22.12తో, కొత్త పద్ధతి మాడ్యూళ్ళను కూడా పాత రిక్వైర్‌తో తెచ్చుకునే వీలు ఏ అనుమతీ అక్కరలేకుండా కలిగింది. జోయీ చెయుంగ్ కృషి అది. మరుసటి నెలలో 23.6 టైప్‌స్క్రిప్ట్ ఫైళ్ళను నేరుగా నడపసాగింది. అలాగని నోడ్ ఆ రకాలను చదివి పరీక్షిస్తుందని కాదు. రకాలున్న చోటల్లా, వరుసల లెక్క చెడకుండా, అన్నే ఖాళీలు నింపి, మిగిలిన జావాస్క్రిప్ట్‌ను నడుపుతుంది.